కొంకర్లు పోయిన ఎడమ చెయ్యి: స్కాపా ఫ్లోలో ఒక డైవ్, కేస్ స్టడీ

ముందే చెప్పేస్తున్నా, ఈ డైవ్‌లో ఎవరికీ బెండ్స్ (వేగంగా పైకొస్తే ఒంట్లో కరిగిన గ్యాస్ బుడగలై వచ్చే జబ్బు) రాలేదు, ఎవరూ గ్యాస్ అయిపోయి పైకి రాలేదు, సిలిండర్లలో సగానికి పైనే మిగిలింది. అయినా నా లాగ్‌బుక్‌లో నేను ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చదివిన పేజీ ఇదే. ఎందుకంటే లోతు, టైమ్, గ్యాస్, పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగే స్టాప్, అన్నీ లెక్కేసుకునే దిగాం, లెక్కలోకి తీసుకోనిది ఒక్కటే, తమ్ముడి ఎడమ చెయ్యి.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, కాకినాడ కుర్రాడు, స్కాట్లాండ్‌లో అబర్దీన్‌లో ఆయిల్ పనిలో ఉన్నాడు, డైవింగ్ క్లబ్‌లో పరిచయమై అక్కా అక్కా అంటూ ఇంట్లో మనిషైపోయాడు. నాది వైజాగ్. పదకొండేళ్ళుగా ఇక్కడి చన్నీళ్ళలో దిగుతున్నా, ఆరేళ్ళుగా డ్రైసూట్ (లోపలికి నీళ్ళు రాని డైవింగ్ సూట్) నేర్పిస్తున్నా. తను డైవింగ్ మొదలెట్టింది అండమాన్‌లో, హావ్‌లాక్ దగ్గర, అక్కడ నీళ్ళు 28, 29 డిగ్రీలు, పల్చటి సూటేసుకుని గంట సేపు చేపల్తో పాటు తిరగొచ్చు. ఇక్కడికొచ్చాక నా దగ్గరే డ్రైసూట్ నేర్చుకుని రెండు సీజన్లలో 40 డైవుల దాకా చేశాడు, అంటే కొత్తవాడు కాదు. ఈ మాట కావాలనే చెప్తున్నా, ఇలాంటిది విన్నప్పుడు అనుభవం లేక అలా అయ్యుంటుందిలే అనుకుని వదిలేస్తాం కదా, ఇక్కడ అది కుదరదు.

స్కాపా ఫ్లో స్కాట్లాండ్ ఉత్తర కొసకి అవతల, ఆర్క్‌నీ దీవుల మధ్యలో ఉంటుంది. చుట్టూ దీవులు గోడ కట్టినట్టు ఉండటంతో లోపల సముద్రం పెద్ద చెరువులా ఉంటుంది, జర్మన్ ఓడలున్న చోట ఆటుపోట్ల లాగుడు కూడా పెద్దగా తెలీదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆగాక 1918 నవంబర్‌లో జర్మన్ నేవీ ఓడలు 74 తెచ్చి ఇక్కడ కట్టి పడేశారు. ఆ ఓడల్ని ఎవరు పంచుకోవాలని దేశాలు బేరాలాడుకుంటుంటే వాటి మీద నావికులు ఏడు నెలలు ఒడ్డుకి దిగనివ్వకుండా ఉండిపోయారు. 1919 జూన్ 21 పొద్దున కాపలా ఉండే బ్రిటిష్ యుద్ధనౌకలు విన్యాసాలకని బయటికెళ్ళాయి, ఆ టైమ్ చూసి అడ్మిరల్ లుడ్‌విగ్ ఫాన్ రాయిటర్ సిగ్నల్ ఇచ్చాడు, అడుగున వాల్వులన్నీ తిప్పేశారు, సాయంత్రానికి 52 ఓడలు అడుక్కి చేరాయి. అదే రోజు స్ట్రోమ్‌నెస్ స్కూలు పిల్లలు ఫ్లయింగ్ కెస్ట్రెల్ అనే బోట్‌లో జర్మన్ ఓడలు చూద్దామని షికారుకొచ్చారు, వాళ్ళ కళ్ళ ముందే అంతంత ఓడలు ఒక్కోటీ ఒరిగి మునిగిపోయాయి. ఎప్పుడు ఆ నీళ్ళ మీదకెళ్ళినా నాకు ముందు ఆ పిల్లలే గుర్తొస్తారు.

తర్వాత 1920ల్లో ఎర్నెస్ట్ కాక్స్ అనే తుక్కు వ్యాపారి మొదలెట్టి చాలా ఓడల్ని పైకి లేపి ముక్కలు చేసి అమ్మేశారు. చెప్పుకోదగ్గ పెద్ద ఓడలు ఇప్పుడు ఏడు మిగిలాయి, మూడు భారీ యుద్ధనౌకలు, నాలుగు క్రూయిజర్లు. 2001 నుంచి ఈ ఏడూ చట్టం కింద రక్షిత కట్టడాలు, చూడొచ్చు కానీ ఒక్క మేకు కూడా తీయకూడదు. అదే ఫ్లోలో హెచ్ఎంఎస్ రాయల్ ఓక్ కూడా ఉంది, 1939 అక్టోబర్ 14న జర్మన్ సబ్‌మెరైన్ ముంచేస్తే 800 మందికి పైగా పోయారు, అది సమాధి కింద లెక్క, దాని మీద ఎవరూ డైవ్ చేయరు.

మేం దిగింది కోల్న్ మీద. 155 మీటర్ల క్రూయిజర్, 1918 జనవరిలో నేవీలో చేరింది, ఏడాదిన్నర నిండకుండానే మునిగింది. కుడి పక్కకి పడుకుని ఉంది, అడుగు 36 మీటర్ల దాకా, పైకున్న ఎడమ పక్క 20, 22 మీటర్ల దగ్గరే తగులుతుంది. పక్కకి పడుకుందంటే అర్థం చేసుకోండి, నడిచే డెక్ ఇప్పుడు నిలువు గోడ, ఆ గోడ పక్కనే ఈదుకుంటూ పోతుంటే లంగరు గొలుసు చక్రాలు, కమాండ్ టవర్, పడవలు వేలాడదీసే ఇనప కొక్కేలు, అన్నీ గోడకి మేకులు కొట్టినట్టు అడ్డంగా బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మధ్యలో ఇంజిన్ రూమ్ దగ్గర ఇత్తడీ రాగీ కోసం వెనకటి తుక్కోళ్ళు పేల్చిన పెద్ద బొక్క ఉంటుంది. వెనక వైపు 15 సెంటీమీటర్ల ఫిరంగి ఇంకా అలాగే ఉంది, తమ్ముడికి అది చూడాలని రెండేళ్ళ కోరిక.

ఏప్రిల్ చివరి వారం. నీళ్ళు 8 డిగ్రీలు, మేలో పాచి పెరిగి నీళ్ళు పచ్చబడక ముందు కాబట్టి 10, 12 మీటర్ల దాకా బాగా కనిపిస్తోంది. ఇద్దరికీ 12 లీటర్ల జంట సిలిండర్లు, 220 బార్ ప్రెషర్, లోపల నైట్రాక్స్ 28, అంటే ఆక్సిజన్ 28 శాతం ఉండేలా కలిపిన గ్యాస్. అందరూ వాడే 32 తీసుకుంటే 34 మీటర్ల దగ్గరే ఆక్సిజన్ ప్రెషర్ 1.4 అనే సేఫ్ హద్దు దాటుతుంది, ఈ ఓడకి అది సరిపోదు, 28 అయితే 40 దాకా పర్లేదు. 28 నిమిషాలు కింద, 6 మీటర్ల దగ్గర ఎనిమిదో పదో నిమిషాల స్టాప్, ఇదీ ప్లాన్. సిలిండర్ నుంచి నోటికి గ్యాస్ అందించే రెగ్యులేటర్లు చన్నీళ్ళకి సీల్ చేసినవే, 10 డిగ్రీల కిందికి పనికొచ్చేవే, దాని గురించి ఇంక చెప్పేదేం లేదు, ఆ రోజు అవి బాగా పనిచేశాయి.

గ్లవ్స్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. ఇద్దరివీ డ్రై గ్లవ్స్. సూట్ చెయ్యి చివర రింగ్ ఉంటుంది, రబ్బరు గ్లవ్ దానికి బిగుసుకుంటుంది, లోపల ఉన్ని గ్లవ్, చెయ్యి పొడిగా ఉంటుంది. మణికట్టు దగ్గర సూట్‌కి ఇంకో రబ్బరు సీల్ ఉంటుంది కదా, ఆ సీల్ గట్టిగా పట్టి ఉంటే సూట్‌లో గాలి గ్లవ్‌లోకి రాదు, లోతుకెళ్ళేకొద్దీ గ్లవ్ చేతిని పిండేస్తుంది. అందుకని చాలామంది ఆ సీల్ కింద సన్నటి ఎలాస్టిక్ తాడు ముక్క దూరుస్తారు, ఆ సందులోంచి గాలి అటూ ఇటూ ఆడుతుంది. తమ్ముడూ అదే చేశాడు. నేర్పించింది నేనే. గాలి ఆడే సందులోంచి నీళ్ళూ ఆడతాయని నాకు తెలుసు, చెప్పాను కూడా, కానీ చెప్పడం వేరు, దాని పర్యవసానం ఏంటో విడమర్చి చూపించడం వేరు.

10:40కి బోట్ దిగాం. ఓడ ముందు వైపు కట్టిన దిగే తాడు పట్టుకుని 22 మీటర్ల దగ్గర ఓడ అంచుకి చేరి, రెయిలింగ్ దాటి డెక్ వైపు జారాం. ఓడంతా తెల్లగా నారింజరంగుగా పువ్వుల్లాంటి జీవాలు, వాటి మధ్యలోంచి కమాండ్ టవర్ ఉక్కు గుండ్రంగా బయటికొచ్చి ఉంది. ఎనిమిదో నిమిషంలో దాని చూపు సందులోకి టార్చి వేసి చూశాం. అక్కణ్ణుంచి వెనక్కి, ఫిరంగి వైపు. పన్నెండో నిమిషంలో ఒక పడవ కొక్కెం దగ్గర తమ్ముడు ఫొటో తీస్తూ ఒడ్డుమీద గోడకి ఆనుకున్నట్టు ఎడమ అరచెయ్యి దాని మీద పెట్టి ఆగాడు. తుప్పు పొగలా లేచింది. నేను చూశాను, తల అడ్డంగా ఊపాను, తను చెయ్యి తీసేశాడు, ముందుకెళ్ళిపోయాం. రక్షిత ఓడని ముట్టుకోకూడదనే నా ధ్యాస అంతా, ముట్టుకున్న చేతికేమైందో చూడాలని తట్టలేదు. నూరేళ్ళు నీళ్ళలో నానిన ఇనప రేకు అంచు బ్లేడులా ఉంటుంది.

పదహారో నిమిషంలో తమ్ముడి టార్చి ఎడమ చేతి నుంచి కుడి చేతికి మారింది. ఇది నాకు తర్వాత వీడియో చూస్తే తెలిసింది, అప్పుడు వెలుగు కోణం మారినట్టు అనిపించి ఊరుకున్నా.

పదిహేడులో ఓకేనా అని అడిగా. కుడి చేతిలో టార్చి ఉంది కాబట్టి ఎడమ చేత్తో ఓకే చూపించాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి కదా, ఆ సున్నా చుట్టుకోలేదు. రెండు వేళ్ళ కొసల మధ్య అంగుళం ఖాళీ, మిగతా మూడు వేళ్ళూ సగం ముడుచుకుని ఉన్నాయి. మామూలుగా అయితే ఓకే అన్నాడు కదా అని తిరిగేదాన్నే. ఎందుకో ఇంకోసారి అడిగా. మళ్ళీ అదే, ఈసారి తనే తన చెయ్యి వైపు చూసుకుంటున్నాడు, అది తనది కానట్టు. దగ్గరికెళ్ళి గ్లవ్ పట్టుకుని నొక్కితే లోపల నీళ్ళు కదిలాయి, మణికట్టు దాటి మోచెయ్యి దాకా స్లీవ్ బరువుగా ఉంది. పందొమ్మిదో నిమిషం, 31 మీటర్లు, నా గేజ్ 160 బార్. బొటనవేలు పైకెత్తా, డైవింగ్‌లో దానర్థం పైకెళ్దాం అని. ఫిరంగి అక్కణ్ణుంచి ఇంకో అరవై మీటర్లు ఉంటుందేమో.

దిగిన తాడు దగ్గరికి వెనక్కి ఈదడం టైమ్ దండగ అనిపించి అక్కణ్ణుంచే, మేం ఎక్కడున్నామో బోట్‌కి తెలిసేలా, రీల్ తాడుకి కట్టిన నా బెలూన్ పైకి వదిలా. తన రీల్ క్లిప్పు తనే తీసుకునే పరిస్థితి లేదని అప్పటికే అర్థమైంది. నాకు అర్థం కానిది ఇంకోటి. పైకెళ్తుంటే వీపు మీదుండే గాలి సంచిలో గాలి వ్యాకోచిస్తుంది, దాన్ని వదులుతుండాలి, ఆ గొట్టం ఎడమ భుజం మీంచి వస్తుంది, బటన్ ఎడమ బొటనవేలితో నొక్కాలి. 18 మీటర్ల దగ్గర తమ్ముడు నాకంటే పైకి తేలడం మొదలైంది. గొట్టం పైకెత్తి పట్టుకునే ఉన్నాడు, పద్ధతి ప్రకారం, కాకపోతే బటన్ మీద బొటనవేలు ఊరికే పెట్టినట్టుంది, నొక్కు పడట్లేదు. తర్వాత అడిగితే, నొక్కుతున్నాననే అనుకున్నానక్కా అన్నాడు, తెలీలేదు, స్పర్శే లేదు. వేగం ఎక్కువైందని డైవ్ కంప్యూటర్ అరుస్తోంది. హార్నెస్ పట్టీ పట్టుకుని, తన ఎడమ నడుం వెనకాల, సంచిలో గాలి వదిలేసే డంప్ తాడుని నేనే లాగాను. 15 నుంచి 12 దాకా రావాల్సిన దానికంటే వేగంగా వచ్చాం, అక్కడ ఆగాం, అక్కణ్ణుంచి పైదాకా ఆ తాడు నేను వదల్లేదు.

6 మీటర్ల దగ్గర కంప్యూటర్ మూడు నిమిషాలు అడిగింది, నేను ఆరు ఉంచా. ఈ నిర్ణయం మీద నాలో నేనే చాలా వాదించుకున్నా. వేగంగా వచ్చాం కాబట్టి ఎక్కువ ఆగాలనిపిస్తుంది, కానీ మనిషి అప్పటికే దంతాలు కొట్టుకునేలా వణుకుతున్నాడు. అమెరికన్ నేవీ ప్రయోగాత్మక డైవింగ్ యూనిట్ 2007లో బయటపెట్టిన ప్రయోగాల్లో తేలింది ఏంటంటే, కింద వెచ్చగా ఉండి పైకొచ్చేటప్పుడు చల్లబడ్డవాళ్ళకి బెండ్స్ రిస్క్ బాగా పెరుగుతుంది, కింద చల్లగా ఉండి పైకొచ్చేటప్పుడు వెచ్చబడితే తగ్గుతుంది. వెచ్చగా ఉన్నప్పుడు రక్తం బాగా తిరిగి నైట్రోజన్ ఒంట్లోకి బాగా ఎక్కుతుంది, చల్లబడ్డాక రక్తనాళాలు ముడుచుకుని ఎక్కింది దిగదు. డైవ్ మధ్యలో గ్లవ్ చిరగడం అంటే సరిగ్గా ఆ చెడ్డ కాంబినేషనే. ఎక్కువ ఆగితే ఎక్కువ చలి, తక్కువ ఆగితే తక్కువ టైమ్, ఆరు నిమిషాలు నాకు మధ్యేమార్గం. ఇప్పుడు చేయమన్నా అదే చేస్తా.

బోట్ లిఫ్ట్ మీద నిలబడి కుడి చేత్తోనే కడ్డీ పట్టుకున్నాడు. గ్లవ్ విప్పితే నీళ్ళు కారాయి, వేళ్ళు పాలిపోయి మైనం బొమ్మ వేళ్ళలా ఉన్నాయి.

"ఎప్పట్నుంచి రా?"

"ఆ కొక్కెం దగ్గర్నుంచే అక్కా. చల్లగా తగిలింది, తర్వాత చల్లదనం కూడా తెలీలేదు, తగ్గిపోయిందనుకున్నా."

"మరి చెప్పవేం?"

"చన్నీళ్ళంటే అందరికీ ఇంతేనేమో అనుకున్నా."

ఈ చివరి మాట నన్ను బాగా పట్టుకుంది. అండమాన్ నుంచి వచ్చినవాడికి ఏది మామూలు చలి, ఏది ప్రమాదం అన్నది ఎవరో చెప్తే తప్ప తెలీదు, ఆ ఎవరో నేనే. పైగా 30 మీటర్ల లోతులో నైట్రోజన్ మత్తు కాస్తయినా ఉంటుంది, బాధ ఆగిపోతే బాగైపోయిందని మనసు తొందరగా ఒప్పేసుకుంటుంది.

పొడి బట్టలు, టోపీ, దుప్పటి, టీ, అంతే. వేడినీళ్ళ షవర్ వెంటనే వద్దన్నా, కరిగి ఉన్న గ్యాస్ ఒక్కసారిగా వేడెక్కితే బుడగలవుతుంది. మంచినీళ్ళు కూడా బాగా తాగించా, చలికి రక్తం లోపలికి పోయి కిడ్నీలు నీళ్ళు బయటికి తోసేస్తాయి, డ్రైసూట్ వాళ్ళు బాత్రూమ్ భయంతో పొద్దున్నుంచీ తాగకుండా దిగుతారు, మాలో సగంమంది అంతే. అరగంటకి వేళ్ళు ఎర్రబడి పోట్లు మొదలయ్యాయి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు పాపం. బెండ్స్ లక్షణాలు ఏమైనా ఉన్నాయేమోనని రాత్రిదాకా చూశాం, లేవు. ఉంగరం వేలు, చిటికెన వేలు కొసలు రెండు వారాలు మొద్దుబారి ఉన్నాయి, డాక్టర్ చూసి, గడ్డకట్టకుండానే చలికి అయ్యే గాయం అన్నారు. మిగతా మూడు రోజులూ తను బోట్ మీదే కూర్చున్నాడు.

ఆ రాత్రి స్ట్రోమ్‌నెస్‌లో బస చేసిన చోట సింక్‌లో గ్లవ్ నింపి పైకెత్తి పిండాం. నడిమి వేలి మొదట్లో 3 మిల్లీమీటర్ల కోత, దాంట్లోంచి దారంలా సన్నటి ధార. ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాం.

ఇంత చిన్న కోత ఏడు నిమిషాల్లో ఒక చేతిని ఎలా పనికిరాకుండా చేసిందంటే, గ్లవ్‌లోకి వచ్చిన నీళ్ళు అక్కడే ఆగుంటే ఉన్ని గ్లవ్ తడిసి చల్లగా ఉండేది, చేత్తో ఏదో ఒకటి చేయగలిగేవాడు. నీళ్ళు ఆగలేదు. సీల్ కింద తాడు సందులోంచి ముంజేతికి పాకాయి. వేళ్ళని ముడిచే కండరాలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి, నరాల్లాంటి స్నాయువులతో వేళ్ళని లాగుతాయి. ఎడమ చెయ్యి గాల్లోకి పెట్టి వేళ్ళు ఆడిస్తూ కుడి చేత్తో ముంజెయ్యి పట్టుకుని చూడండి, కదిలేది అక్కడే. నీళ్ళు గాలికంటే 25 రెట్లు వేగంగా వేడి లాగేస్తాయి. వేలి చర్మం 15 డిగ్రీల చుట్టుపక్కలకి పడిపోతేనే చేతి పనితనం దెబ్బతింటుంది, 8కి దగ్గరైతే స్పర్శ పోతుంది, మేం ఉన్న నీళ్ళే 8. మన ఊళ్ళో చేతులు కొంకర్లు పోయాయి అంటాం చూడండి, అదే, కాకపోతే ఇక్కడ ఆ చేతిలో ప్రాణం నడిపే బటన్ ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. చన్నీళ్ళలో మునిగిన ఓడల మీద డైవ్‌లో వెనక్కి తిరిగే హద్దు గేజ్ మీద ఉండదు, వేళ్ళలో ఉంటుంది. గ్యాస్ మూడోవంతు రూల్ (వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఆపదకి ఒక వంతు) అందరం బట్టీ పట్టాం, వేళ్ళకి రూల్ ఎవరూ పెట్టుకోరు. 160 బార్ ఉన్నవాడు బటన్ నొక్కలేకపోతే ఆ గ్యాస్ ఎందుకు?

ఇప్పుడు నా దగ్గర దిగేవాళ్ళందరికీ ఐదు నిమిషాలకోసారి గ్యాస్ చెక్‌తో పాటు వేళ్ళ చెక్ ఉంటుంది. రెండు చేతులూ ఎత్తి బొటనవేలిని చిటికెన వేలి కొసకి తాకించి చూపించాలి, జతగా దిగిన బడ్డీ చూడాలి. బొటనవేలు చిటికెన వేలిని అందుకోవడమే ముందు పోయేది, చూపుడు వేలితో ఓకే చాలాసేపు వస్తుంది కాబట్టి ఓకే మీద నమ్మకం పెట్టుకోవద్దు. తాకకపోతే మాటల్లేవు, పైకి. గ్లవ్‌లోకి చుక్క వచ్చినా పైకే, బాధగా ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. సీల్ కింద తాడు తీసేయించా, బదులు దిగేముందు చెయ్యి పైకెత్తి సీల్ కింద వేలు దూర్చి గ్లవ్‌లోకి కాస్త గాలి నింపుకుని లోపల మందం ఉన్ని వేసుకుంటే 35 మీటర్ల దాకా పిండేయడం భరించేలానే ఉంటుంది, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఉంచుతుంది. ఇంత లోతు దాటేవాళ్ళకి ఇది చాలదు, వాళ్ళు తాడు పెట్టుకోక తప్పదేమో, అప్పుడు చిరిగితే ఏమవుతుందో తెలిసి పెట్టుకోవాలి. నడుం వెనక డంప్ తాడు కుడి చేత్తో అందుకోవడం కూడా ప్రాక్టీస్ చేయిస్తున్నా, సగంమందికి అందట్లేదు, తాడు పొడుగు మార్చుకుంటున్నారు.

సెప్టెంబర్‌లో మళ్ళీ వెళ్ళాం, అదే ఓడ, నీళ్ళు 13 డిగ్రీలు, కొత్త గ్లవ్స్, ఎక్కడా చుక్క నీళ్ళు రాలేదు. అయితే ఒకసారి చలి గాయమైన చేతికి తర్వాత చలి తొందరగా పట్టేస్తుంది. ఇరవయ్యో నిమిషం చెక్‌లో కుడి చెయ్యి తాకింది, ఎడమ చెయ్యి దగ్గరదాకా వెళ్ళి ఆగింది. వెనక వైపు చీకట్లో ఫిరంగి గొట్టం ఆకారం లీలగా కనిపిస్తోంది, పది పన్నెండు మీటర్లుంటుందేమో. నేను చెయ్యి కదిపేలోపు తమ్ముడే బొటనవేలు పైకెత్తాడు. ఈసారి బటన్ తనే నొక్కుకుంటూ వచ్చాడు.

వచ్చే ఏడాది ఆగస్టుకి బోట్ బుక్ చేశాం. దిగే తాడు ఓడ ముందు వైపు కాకుండా వెనక, ఫిరంగి వైపు కట్టించమని స్కిప్పర్‌ని అడిగాం, సరే అన్నాడు.